లైకెన్‌నీ కుందేలునీ పక్కపక్కన పెట్టి పోల్చడం ఎలా

రెండు జీవుల వర్గీకరణా సంరక్షణ స్థితీ పోల్చి రాయమని స్కూల్లో ప్రాజెక్టు ఇస్తే పిల్లలు పులీ సింహం పట్టుకొస్తారు, లేకపోతే కాకీ కోకిలా. బెంగళూరు రామ్మూర్తినగర్‌లో నా దగ్గరికి బయాలజీ ట్యూషన్‌కి వచ్చే తెలుగు పిల్లలకి నేను ఎప్పుడూ చెప్పేది ఒకటే, ఒక లైకెన్‌ని (చెట్ల మొదళ్ళ మీదా రాళ్ళ మీదా మచ్చల్లా పెరిగేది) తీసుకోండి, ఒక కుందేలుని తీసుకోండి అని. పులీ సింహం అయితే రాజ్యం దగ్గర్నుంచి జీనస్ దాకా అన్ని గడుల్లోనూ ఒకే మాట రాసుకుంటూ పోవచ్చు, చార్ట్ నిండుతుంది కానీ బుర్రలోకి ఏమీ ఎక్కదు. లైకెన్, కుందేలు అయితే ప్రతి గడి దగ్గరా చెయ్యి ఆగుతుంది. ఇది ఎవరి గురించి రాస్తున్నాం, ఎందుకిలా రాస్తున్నాం అని అడగాల్సి వస్తుంది. ఆ రెండు ప్రశ్నలూ అడగడం అలవాటైతే ఏ రెండు జీవుల్నైనా పోల్చేయొచ్చు. పిల్లల కోసమే రాస్తున్నా, పక్కన కూర్చుని చార్ట్ కత్తిరించి పెట్టే అమ్మానాన్నలకి కూడా పనికొస్తుంది.

మొదటి పని జాతి పేరు ఖాయం చేసుకోవడం. పైన "లైకెన్" అని మాత్రమే రాసి కింద గడులు గీస్తే ఒక్కటీ సరిగ్గా నింపలేరు, ఎందుకంటే ప్రపంచంలో దాదాపు 20,000 రకాల లైకెన్లున్నాయి, ఒక్కోదాని సంగతి ఒక్కో రకం. "కుందేలు" అన్నా అదే ఇబ్బంది. నా సలహా అయితే రెండు జంటలు పెట్టుకోండి. ఒకటి చేతికందే జంట: మసాలా డబ్బాలో ఉండే రాతిపువ్వు, బెంగళూరు చుట్టుపక్కల గడ్డి భూముల్లో తిరిగే నల్లమెడ కుందేలు. రాతిపువ్వంటే పార్మోట్రీమా పెర్లేటమ్ అనే లైకెన్, ఇక్కడి కిరాణా కొట్లో కల్లుహూవు అని అడిగితే ఇస్తారు. కుందేలు శాస్త్రీయ నామం లేపస్ నైగ్రికోలిస్. రెండోది దూరపు జంట: అమెరికాలోని ఫ్లోరిడాలో తప్ప ఇంకెక్కడా లేని క్లాడోనియా పర్ఫొరాటా అనే లైకెన్, హిమాలయాల దిగువన తెరాయి గడ్డిలో బతికే హిస్పిడ్ హేర్ అనే కుందేలు. వర్గీకరణ నేర్చుకోవడానికి మొదటి జంట బాగుంటుంది, సంరక్షణ స్థితికి రెండోది. ఒకే జంటతో సరిపెట్టేద్దాం అనుకుంటే మొదటిది వదిలేయండి, రెండోది మాత్రం వదలొద్దు.

ఇక్కడే ఒక జాగ్రత్త. పెట్ షాపు బోనులో కనిపించే తెల్ల కుందేలుని ఫోటో తీసి చార్ట్ మీద అంటించకండి. అది వేరే జీనస్, ఒరిక్టోలేగస్ క్యునిక్యులస్, యూరప్ నుంచి వచ్చిన బొరియ కుందేలు. దాని పిల్లలు బొరియలో, ఒంటి మీద బొచ్చు లేకుండా, కళ్ళు మూసుకుని పుడతాయి. మన పొలాల కుందేలు బొరియ తవ్వదు, గడ్డిలో తన ఒళ్ళు పట్టేంత గుంట చేసుకుని పగలంతా అందులో నక్కి ఉంటుంది, దాని పిల్లలు బొచ్చుతో, కళ్ళు తెరుచుకునే పుడతాయి. లేపస్ జీనస్‌లో క్రోమోజోములు 48, బొరియ కుందేలులో 44. చూడ్డానికి చెవులు ఒకేలా ఉన్నాయి కదా అని రెంటినీ ఒక్క గడిలో కలిపేస్తే మొదటి వరసలోనే మార్కులు పోతాయి.

కుందేలు వర్గీకరణ నిచ్చెన (రాజ్యం నుంచి స్పీషీస్ దాకా మెట్లు) తేలిక కాబట్టి ముందు అది రాసేయండి. రాజ్యం యానిమేలియా, ఫైలమ్ కార్డేటా, క్లాస్ మమేలియా, ఆర్డర్ లాగోమార్ఫా, ఫ్యామిలీ లెపోరిడే, జీనస్ లేపస్, స్పీషీస్ నైగ్రికోలిస్. ఇందులో పిల్లలు తడబడేది ఆర్డర్ దగ్గరే. ఎలుకకి ఉన్నట్టే కొరికే పళ్ళు కదా అని రోడెన్షియా అని రాసేస్తారు. ఒకప్పుడు శాస్త్రవేత్తలు కూడా కుందేళ్ళని ఎలుకలతోనే కలిపి పెట్టారు, 1912లో గిడ్లీ అనే శాస్త్రవేత్త వీటిని విడదీసి లాగోమార్ఫాకి సొంత ఆర్డర్ హోదా ఇచ్చాడు. తేడా నోటిలోనే ఉంది: ఎలుకకి పై దవడలో ముందు కొరికే పళ్ళు ఒకే జత, కుందేలుకి ఆ జత వెనకాల ఇంకో బుల్లి జత దాక్కుని ఉంటుంది. చార్ట్ మీద పుర్రె బొమ్మ వేస్తే ఈ రెండో జతకి బాణం గుర్తు పెట్టండి, ఆర్డర్ గడిలో రాసిన మాటకి అదే రుజువు. హిస్పిడ్ హేర్ నిచ్చెన కూడా ఫ్యామిలీ దాకా ఇదే. జీనస్ దగ్గర విడిపోతుంది, కాప్రోలేగస్, ఆ జీనస్‌లో ఉన్నది కాప్రోలేగస్ హిస్పిడస్ అనే ఈ ఒక్క జాతే. ఈ "ఒక్క జాతే" అన్న మాట గుర్తుపెట్టుకోండి, సంరక్షణ గురించి రాసేటప్పుడు మళ్ళీ కావాలి.

ఇప్పుడు లైకెన్. "మేడం, ఇది మొక్కే కదా, ప్లాంటే అని రాసేయనా?" అని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. కాదమ్మా, మొక్క కాదు. అసలు ఒక్క జీవే కాదు. ఒక శిలీంధ్రం (ఫంగస్), దాని దారాల మధ్య ఇమిడి బతికే శైవలమో (ఆల్గే) సయనోబ్యాక్టీరియానో, ఇవి కలిసి కట్టుకున్న ఒళ్ళు లైకెన్. శైవలం ఎండలో తిండి తయారుచేస్తుంది, శిలీంధ్రం దానికి చోటూ తేమా ఇచ్చి మండే ఎండ నుంచి కాపాడుతుంది. 1867లో స్విట్జర్లాండ్ వృక్షశాస్త్రవేత్త సైమన్ ష్వెండెనర్ ఈ మాట బయటపెట్టినప్పుడు ఆనాటి లైకెన్ పండితుల్లో చాలామంది ఒప్పుకోలేదు, ఒక జీవి అనుకున్నది రెండు జీవులంటే వాళ్ళకి మింగుడు పడలేదు. 2016లో టోబీ స్ప్రిబిల్, ఆయన తోటి పరిశోధకులు ఇంకో అడుగు ముందుకేసి, కొన్ని లైకెన్ల పైపొరలో మూడో భాగస్వామిగా ఈస్ట్‌లు కూడా ఉన్నాయని చూపించారు, అవి ప్రధాన శిలీంధ్రం ఫైలమ్‌కి చెందినవి కూడా కావు, బేసిడియోమైకోటావి.

మరి ఇంతమంది ఉన్న ఇంటికి పేరు ఎవరిది? ఇక్కడ నియమం స్పష్టంగా ఉంది. శైవలాలు, శిలీంధ్రాలు, మొక్కల నామకరణ నియమావళి ప్రకారం లైకెన్‌కి పెట్టిన పేరు దానిలోని శిలీంధ్రానికే చెందుతుంది. లోపలి శైవలానికి దాని సొంత పేరు, సొంత నిచ్చెన వేరే ఉంటాయి. కాబట్టి లైకెన్‌కి ఒక నిలువు వరస చాలదు, రెండు గీయండి. రాతిపువ్వు అయితే మొదటి వరసలో రాజ్యం ఫంగై, ఫైలమ్ ఆస్కోమైకోటా, క్లాస్ లెకనోరోమైసీటిస్, ఆర్డర్ లెకనోరేలిస్, ఫ్యామిలీ పార్మీలియేసీ, జీనస్ పార్మోట్రీమా, స్పీషీస్ పెర్లేటమ్. రెండో వరసలో దాని భాగస్వామి ట్రెబూక్సియా, ఇది ఆకుపచ్చ శైవలం, క్లోరోఫైటాలో ట్రెబూక్సియోఫైసీ, ట్రెబూక్సియేలిస్, ట్రెబూక్సియేసీ. క్లాడోనియా పర్ఫొరాటా అయితే ఆర్డర్ దాకా రాతిపువ్వుతో సమానం, ఫ్యామిలీ మాత్రం క్లాడోనియేసీ. శైవలానికి బదులు సయనోబ్యాక్టీరియాతో కాపురం చేసే లైకెన్ తీసుకున్నారనుకోండి, ఉదాహరణకి కెనడాలో దొరికే ఎరియోడెర్మా పెడిసెల్లేటమ్, అప్పుడు రెండో వరస బ్యాక్టీరియాలోకే వెళ్ళిపోతుంది. అంటే ఒక్క లైకెన్‌లో జీవప్రపంచపు రెండు పెద్ద శాఖలు కలిసి ఉన్నట్టు. కుందేలు వరసలో ఇలాంటిది రాయడానికి ఏమీ ఉండదు, పొట్టలో బ్యాక్టీరియా ఉన్నా వాటిని కలిపి మనం కుందేలు అనం.

స్పెల్లింగ్ సరిచూసుకోవడానికి ఒక చిట్కా. ఫ్యామిలీ పేరు జంతువుల్లో "ఇడే"తో ముగుస్తుంది, శిలీంధ్రాల్లోనూ శైవలాల్లోనూ "ఏసీ"తో. ఆర్డర్ పేరు శిలీంధ్రాల్లో "ఏలిస్"తో ముగుస్తుంది, జంతువుల ఆర్డర్లకి అలాంటి కట్టుబాటు లేదు. కుందేలు వరసలో "ఏసీ" కనిపించినా లైకెన్ వరసలో "ఇడే" కనిపించినా ఎక్కడో వరసలు కలిసిపోయాయని అర్థం.

రాతిపువ్వుని చేతిలో పట్టుకుని చూడటం మాత్రం మానొద్దు, పాఠం అంతా అందులోనే ఉంది. కాస్త పెద్ద ముక్క ఏరుకోండి. పైవైపు బూడిదరంగు తెలుపు, అంచులు మడతలు పడి ఉంటాయి. తిరగేస్తే అడుగు నల్లగా ఉంటుంది, అంచు దగ్గరికి వచ్చేసరికి గోధుమరంగు. మధ్యలో నల్లటి సన్నటి నూగులాంటివి కనిపిస్తాయి, వాటితోనే అది బెరడుని పట్టుకుని ఉంటుంది. వేళ్ళలా కనిపిస్తాయి కానీ వేళ్ళు కావు, వాటితో నీళ్ళు పీల్చుకోదు, వానా మంచూ ఒళ్ళంతా తాగుతుంది. అంచుల్లో పిండి రాలినట్టు ఉంటే భూతద్దం పెట్టి చూడండి. ఆ పిండిలో ఒక్కో రేణువులోనూ శిలీంధ్రం దారాలూ శైవలం కణాలూ రెండూ చుట్టుకుని ఉంటాయి, గాలికి కొట్టుకుపోయి ఇంకోచోట పడితే ఇద్దరూ కలిసే కొత్త కాపురం మొదలుపెడతారు. ఇది చూశాక రెండు వరసలు ఎందుకు గీయమన్నానో పిల్లలకి ఇంక చెప్పక్కర్లేదు. ఒకటి మాత్రం చెప్పాలి, కొట్లో అమ్మే పొట్లంలో తరచుగా ఒకటికి మించి జాతులు కలిసి ఉంటాయి, అడవిలో చెట్ల మీద నుంచి ఏరేవాళ్ళు దగ్గరి పోలికలున్నవన్నీ కలిపే ఏరుతారు. కాబట్టి ఫోటో కింద "మార్కెట్ నమూనా, పార్మోట్రీమా జీనస్" అని రాసి ఆగడమే నిజాయితీ.

ఇక రెండు నిచ్చెనలూ పక్కపక్కన పెట్టి కిందనుంచి పైకి చదవండి. స్పీషీస్ వేరు, జీనస్ వేరు, ఫ్యామిలీ, ఆర్డర్, క్లాస్, ఫైలమ్, రాజ్యం అన్నీ వేరే. చాలామంది అక్కడితో "పోలిక లేదు" అని రాసి వదిలేస్తారు. ఇంకో మెట్టు పైకెక్కండి. జంతువులూ శిలీంధ్రాలూ కలిసి ఒపిస్థోకోంటా అనే పెద్ద గుంపులో ఉన్నాయి, మొక్కలు ఆ గుంపులో లేవు. అంటే లైకెన్‌లోని శిలీంధ్రానికి అది పాకిన మామిడిచెట్టు కంటే కుందేలే దగ్గరి చుట్టం. రెండూ విడిపోయి దాదాపు 100 కోట్ల ఏళ్ళు అయి ఉంటుందని అంచనా, అయినా చుట్టరికం ఆనవాళ్ళు మిగిలాయి. మొక్కలు తిండిని పిండిపదార్థంగా దాచుకుంటే కుందేలు కాలేయమూ శిలీంధ్రం దారమూ గ్లైకోజెన్‌గా దాచుకుంటాయి. శిలీంధ్రం కణం గోడలో ఉండేది కైటిన్, బొద్దింక పెంకులో ఉండేదీ అదే. నాకు ఈ మొత్తం ప్రాజెక్టులో అన్నిటికంటే ఇష్టమైన గడి ఇది. దీన్ని చార్ట్ మధ్యలో పెద్ద అక్షరాలతో రాయించండి. మొక్క అనుకున్నది మొక్క కాకపోవడమే కాదు, మనవైపు చుట్టం అని తెలిసినప్పుడు పిల్లల మొహాలు చూడాలి.

సంరక్షణ స్థితికి వద్దాం. ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ సంస్థ 1948లో మొదలైంది, ఏ జీవికి అంతరించే ముప్పు ఎంతుందో చెప్పే రెడ్ లిస్ట్‌ని 1964 నుంచి నడుపుతోంది. వెబ్‌సైట్‌లో శాస్త్రీయ నామం కొట్టి వెతకండి, మామూలు పేరుతో వద్దు. వచ్చిన పేజీలో రంగు గుండ్రంలోని రెండక్షరాలు రాసుకుని బయటికి వచ్చేయకండి. నాలుగు సంగతులు రాసుకోవాలి: కేటగిరీ, ఏ సంవత్సరంలో అంచనా వేశారు, ఏ ప్రమాణం మీద వేశారు, ముప్పులు ఏమిటి.

కేటగిరీల్లో అంతరించినవి, అడవిలో అంతరించినవి పోగా, ప్రమాదం తీవ్రత కొద్దీ క్రిటికల్లీ ఎండేంజర్డ్, ఎండేంజర్డ్, వల్నరబుల్, తర్వాత నియర్ త్రెటెన్డ్ (ముప్పుకి దగ్గర్లో ఉన్నవి), లీస్ట్ కన్సర్న్ (పెద్దగా ఆందోళన లేనివి). వీటికి బయట ఇంకో రెండున్నాయి, డేటా డెఫిషియెంట్, నాట్ ఇవాల్యుయేటెడ్. మొదటిది అంచనాకి కూర్చున్నారు కానీ సమాచారం చాల్లేదని, రెండోది అసలు అంచనాకే తీసుకోలేదని. లైకెన్ల విషయంలో మొత్తం కిటుకు ఇక్కడే ఉంది. క్షీరదాల విషయానికొస్తే 2008 నాటికే తెలిసిన 5,487 జాతులనీ మదింపు చేసి ఫలితాలు ప్రకటించారు. లైకెన్లలో మొదటి రెండు జాతులు ఆ జాబితాలోకి ఎక్కిందే 2003లో, అవే పైన చెప్పిన క్లాడోనియా పర్ఫొరాటా, ఎరియోడెర్మా పెడిసెల్లేటమ్. తర్వాత చాలా ఏళ్ళు ఆ రెండే ఉన్నాయి. ఇప్పుడు సంఖ్య పెరుగుతోంది కానీ 20,000లో ఇంకా చిన్న వాటానే. కాబట్టి మీరు తీసుకున్న లైకెన్ పేరు కొడితే ఏమీ రాకపోతే ఆ గడిలో నాట్ ఇవాల్యుయేటెడ్ అని రాయండి. "ప్రమాదం లేదు" అని రాయకండి, పరీక్ష రాయని పిల్లాడిని పాసయ్యాడని ఎలా అనలేమో ఇదీ అంతే. నల్లమెడ కుందేలు గడిలో లీస్ట్ కన్సర్న్ అని ధైర్యంగా రాయొచ్చు, దాన్ని చూసి, లెక్కేసి ఇచ్చిన స్థితి అది.

స్థితి అనేది స్వస్థలంలోని అడవి జీవుల లెక్క అని కూడా పిల్లలకి చెప్పండి. ఇందాక పక్కన పెట్టిన బొరియ కుందేలు సంగతే చూడండి, ఇంట్లో పెంచుకుంటారు, ఆస్ట్రేలియాలో పంటలకి చీడలా తయారైంది, అయినా రెడ్ లిస్ట్‌లో ఎండేంజర్డ్. స్పెయిన్, పోర్చుగల్ దాని సొంతగడ్డ, అక్కడ రోగాలతో దాని సంఖ్య పడిపోయింది.

ప్రమాణాలు ఇంగ్లీషు అక్షరాల్లో ఏ (A) నుంచి ఈ (E) దాకా ఐదు. ఏ అంటే సంఖ్య ఎంత వేగంగా తగ్గింది. బీ అంటే ఉన్న చోటు ఎంత చిన్నది. సీ, డీ అంటే ఎన్ని మిగిలాయి, ఈ (E) అంటే గణితం వేసి చెప్పే అంతరించే అవకాశం. ఎండేంజర్డ్ కావాలంటే ఏ (A) కింద సాధారణంగా 10 ఏళ్ళలో లేదా మూడు తరాల్లో, ఏది ఎక్కువైతే ఆ కాలంలో, సగం తగ్గి ఉండాలి. బీ కింద అయితే ఆ జాతి నిజంగా ఆక్రమించిన చోటు 500 చదరపు కిలోమీటర్ల కంటే తక్కువ ఉండి, దాంతోపాటు అది ముక్కలుముక్కలైపోవడం, ఇంకా తగ్గుతూ ఉండటం లాంటివి తోడవ్వాలి. ఇప్పుడు ఇవే ప్రమాణాలని మన రెండు జీవుల మీద పెట్టి చూడండి. కుందేలు త్వరగా ఎదిగి పిల్లల్ని పెడుతుంది, దాని మూడు తరాలు కొన్నేళ్ళలో గడిచిపోతాయి. ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు పెరిగే లైకెన్‌కి మూడు తరాలంటే ఎన్నో దశాబ్దాలు. పైగా లైకెన్లో "ఒకటి" అని దేన్ని లెక్కపెట్టాలి? క్లాడోనియా పర్ఫొరాటాకి సిద్ధబీజాలు (స్పోర్లు) పుట్టగా ఎవరూ చూడలేదు, ముక్కలై విరిగి, ఆ ముక్కలే చెదిరి పెరుగుతుంది. ఒక గుబురు రెండు ముక్కలైతే జనాభా రెట్టింపైందని రాస్తామా? చెట్ల మీది లైకెన్లకి చాలాచోట్ల ఒక చెట్టు మీద ఉన్నదంతా కలిపి ఒకటిగా లెక్కేస్తారు. కుందేలుకి ఈ చిక్కు లేదు, కనపడటమే కష్టం తప్ప లెక్క కష్టం కాదు.

రెండో జంటలో లైకెనూ కుందేలూ రెండూ ఎండేంజర్డే. గడిలో ఒకే మాట పడింది కాబట్టి పోలిక అయిపోయిందనుకుంటారు, నిజానికి ఇక్కడే మొదలవుతుంది. కింద ముప్పుల వరస తీసుకోండి. క్లాడోనియా పర్ఫొరాటా ఫ్లోరిడాలో తెల్లటి ఇసుక దిబ్బల మీద, పొదల మధ్య ఖాళీల్లో బతుకుతుంది. పసుపు కలిసిన బూడిదరంగు కొమ్మలు, కొమ్మ చీలే చోటల్లా చిన్న చిల్లు, వేళ్ళంటూ లేకుండా ఇసుక మీద ఊరికే ఆని ఉంటుంది. ఇళ్ళూ తోటలూ వచ్చి ఆ దిబ్బలు తగ్గిపోయాయి, మిగిలిన చోట కాలు పెడితే నలిగిపోతుంది. 1995లో ఒపాల్ తుఫానుకి సముద్రం తీరపు దీవి మీదికి పొంగి అక్కడి గుబుర్లని ఊడ్చుకుపోయింది. హిస్పిడ్ హేర్‌కి తుఫాను గొడవ లేదు. ముదురు గోధుమరంగు ముతక బొచ్చు, పొట్టి చెవులు, రెండున్నర కిలోల బరువు, మనిషి ఎత్తు దాటిన గడ్డిలో దాక్కుని బతికే జీవి. ఒక దశలో అంతరించిందేమో అనుకున్నారు, 1971లో అస్సాంలో మళ్ళీ దొరికింది. మానస్, దుధ్వా లాంటి చోట్లా నేపాల్లో శుక్లాఫాంటా, బర్దియా లాంటి చోట్లా గడ్డి ముక్కలుగా మిగిలిన మేరకే అదీ మిగిలింది. గడ్డి దున్ని పొలాలు చేయడం, పశువుల మేత, కప్పులకి గడ్డి కోయడం దాని ముప్పులు.

ఒక్క ముప్పు మాత్రం రెంటికీ ఉమ్మడి, నిప్పు. తెరాయి గడ్డిని ఎండాకాలం ముందు ఏటా కాలుస్తారు, సరిగ్గా కుందేలు పిల్లలు పెట్టే రోజుల్లో, దాక్కోవడానికి చోటే ఉండదు. అలాగని ఎప్పుడూ కాల్చకుండా వదిలేస్తే గడ్డి పోయి పొదా చెట్టూ పెరిగి అడవి అవుతుంది, అప్పుడూ కుందేలుకి ఇల్లు పోయినట్టే. ఫ్లోరిడాలోనూ ఇంతే, నిప్పు తగిలిన చోట క్లాడోనియా చచ్చిపోతుంది, మళ్ళీ రావడానికి ఏళ్ళు పడుతుంది, నిప్పే లేకపోతే పొదలు మూసుకుపోయి ఇసుక ఖాళీలు మాయమవుతాయి. రెండు చోట్లా పరిశోధకులు చెప్పే దారి ఒకే తరహాది, ఒకేసారి మొత్తం కాల్చకండి, ముక్కలుగా, వంతులవారీగా కాల్చండి, కాలని ముక్క ఎప్పుడూ పక్కన ఉండాలి. తేడా ఎక్కడంటే కుందేలు ఆ పక్క ముక్కలోకి పరిగెత్తగలదు. లైకెన్ కదలదు, ఎవరో ఒకరు ముందే వెళ్ళి అది ఎక్కడుందో గుర్తుపెట్టి ఆ చోటు వదిలి కాల్చాలి. ఈ ఒక్క వరస మీద సగం పేజీ రాయించండి, రంగురంగుల స్టిక్కర్ల కంటే దీనికే టీచర్ మార్కులేయాలి, నా దగ్గరికొస్తే నేనైతే వేస్తాను.

జీనస్‌లో ఒక్క జాతే అన్న మాట ఇక్కడ వాడండి. హిస్పిడ్ హేర్ పోతే కాప్రోలేగస్ అనే కొమ్మ మొత్తం పోతుంది, క్లాడోనియా జీనస్‌లో అయితే వందల జాతులున్నాయి. దానర్థం క్లాడోనియా పోయినా పర్లేదని కాదు, వర్గీకరణ వరసా సంరక్షణ వరసా ఒకదానితో ఒకటి మాట్లాడుకునే చోటు ఇది అని.

చట్టం వరస విడిగా పెట్టండి, రెడ్ లిస్ట్‌తో కలపకండి. రెడ్ లిస్ట్ చట్టం కాదు. నల్లమెడ కుందేలు లీస్ట్ కన్సర్న్ అయినంత మాత్రాన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఉచ్చు పెట్టి పట్టొచ్చని కాదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని వేటాడటం నేరం. ఆ చట్టంలో ఇది మొదట నాలుగో షెడ్యూల్‌లో ఉండేది, 2022 సవరణ షెడ్యూళ్ళని కుదించాక రెండో షెడ్యూల్‌లోకి వచ్చింది, పాత గైడుల్లో ఇంకా నాలుగు అనే ఉంటుంది, చూసి రాయండి. హిస్పిడ్ హేర్ మొదటి షెడ్యూల్, అంతర్జాతీయ వ్యాపారానికి సంబంధించిన సైటీస్ ఒప్పందంలో కూడా మొదటి అనుబంధం. క్లాడోనియా పర్ఫొరాటాకి అమెరికా ఎండేంజర్డ్ స్పీషీస్ చట్టం రక్షణ 1993లో వచ్చింది, ఆ చట్టం కిందికి వచ్చిన మొదటి లైకెన్ అది. ఒక లైకెన్ కోసం కోర్టు దాకా వెళ్ళగలిగే వీలు ఉండటం పెద్ద విషయం, పిల్లలకి ఇది గట్టిగా చెప్పాలి.

చివరగా, చూడ్డానికి వెళ్ళేవాళ్ళకి. లైకెన్లకి బెంగళూరులోని లాల్‌బాగ్ తోట చాలు. పాత చెట్ల మొదళ్ళ మీద, అక్కడి 300 కోట్ల ఏళ్ళ నాటి కొండరాయి మీద మచ్చలుమచ్చలుగా ఉంటాయి. 1866లోనే ప్యారిస్‌లో నైలాండర్ అనే శాస్త్రవేత్త ఊరి నడిబొడ్డు కంటే లక్సెంబర్గ్ తోటలో లైకెన్లు ఎక్కువున్నాయని, గాలి బాగోని చోట అవి బతకవని గమనించాడు. మీరూ లాల్‌బాగ్ లోపలి చెట్టునీ బయట ట్రాఫిక్ రోడ్డు పక్క చెట్టునీ పోల్చి చూడండి. ఎండిన మచ్చ మీద స్ప్రే బాటిల్‌తో కాసిని నీళ్ళు కొట్టి ఒక నిమిషం ఆగితే బూడిదరంగు మెల్లగా ఆకుపచ్చకి తిరుగుతుంది, పైపొర తడిసి పారదర్శకమై లోపలి శైవలం బయటికి కనిపిస్తోందన్నమాట. బెరడు గీకకండి, గోటితో కూడా, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసుకుంటే చాలు. కుందేలు కోసం అయితే హెసరఘట్ట గడ్డి భూముల వైపు తెల్లవారుజామునే వెళ్ళాలి, బండి రోడ్డు మీదే ఆపి నడవండి. కుందేలు కనపడకపోయినా గడ్డిలో గుండ్రటి ఎండు పెంటికలు కనిపిస్తాయి, విరిస్తే లోపలంతా గడ్డి పీచే. వాటినీ స్కేలు పెట్టి ఫోటో తీయండి, తేదీ, చోటు రాయండి, చార్ట్ మీద కుందేలు వరస కింద అంటించండి.